వచ్చే విడతలో పడవ తాత

వెనక గది, మైనం వాసన మధ్య నుంచి
ఫిబ్రవరి 9

బావా,

ముందు ఈ కవర్ల సంగతి తేల్చుకోవాలి. జిగురు నాలిక మీద అంటుకుంటుంది గాని కవరుకి అంటుకోదు. పోయిన ఉత్తరం మూడుసార్లు నాకాను. మూడోసారికి నా పై పళ్ళ సెట్టు కింది సెట్టుకి అతుక్కుపోయి, కోడలు కాఫీ తాగుతారా మామయ్యా అని అడిగితే తల ఊపాల్సొచ్చింది. నలభై ఏళ్ళు ఊరందరికీ కట్టుడు పళ్ళు చేసి పెట్టినవాణ్ణి, ఒక కాగితం మడత అతికించలేకపోతున్నాను. ఆ జిగురు కాచినవాడు దొరికితే వాడి పెదాలకే పూస్తాను, అప్పుడు కూడా అంటుకోదు.

ఇక అసలు కబురు. కోడలు నిన్న తను పనిచేసే బొమ్మల షాపు నుంచి కంపెనీ వాళ్ళ కొత్త కాగితం తెచ్చింది. రాబోయే మూడు నెలల్లో ఏయే బొమ్మలు విడుదలవుతాయో వేస్తారు కదా, అదే. కూర్చుని చదువు. నా కొండ దండుకి ఇంకో సర్దారు. ఏడోవాడు. పోయినసారి వాడు కత్తి దించి నిలబడ్డాడు, వీడు కత్తి ఎత్తి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తడానికి కంపెనీకి ఆరు నెలలు పట్టింది. నాకు ఏడుగురూ అక్కర్లేదు, ఉన్నవాడు చాలు. మరి నీ ఏటి దండుకి ఏమిటంటావా? కాగితం అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో, పడవ తాత వచ్చే విడతలో అని ఉంది. మూడేళ్ళుగా అదే మాట, అదే చోట. అచ్చు మార్చడం కూడా దండగనుకున్నట్టున్నారు.

ఆలోచిస్తే నవ్వొస్తుంది బావా. చిరిగిన పెట్టె అని షాపువాళ్ళు పక్కన పడేసిన ఆటని కోడలు ఇంటికి తేవడం, ఇద్దరు ముసలాళ్ళం దాన్ని పంచుకోవడం. కొండ దండు నాకు, ఏటి దండు నీకు. రెండు ఇళ్ళల్లో రెండు బల్లలు, రెంటి మీదా అదే పటం, అవే నూట ఇరవై గళ్ళు. ఎవడి బొమ్మలు వాడి బల్ల మీద, ఎదుటివాడివి పెన్సిలు గుర్తులు, ఎత్తులు ఉత్తరాల్లో. అంతా బాగానే ఉంది. పటం మధ్యలో ఏరు పెట్టి, ఆ ఏరు దాటించేవాణ్ణి మాత్రం తమ దగ్గరే అట్టిపెట్టుకున్నారు చూడు, అక్కడుంది కంపెనీ తెలివి. రూల్సు పుస్తకంలో పడవ తాత గురించి రెండు పేజీలు రాశారు. పెట్టెలో తాత లేడు. నడిచి దాటడానికి ఉన్నది ఒక్కటే చోటు, మోకాలి లోతు నీళ్ళు, నలభై ఒకటో గడి. అక్కడ నా సర్దారు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వాడుండగా నీ పదకొండుమందీ ఒడ్డున బూజు పట్టాల్సిందే.

వేరుశనగ డొప్ప పెట్టుకో, పడవ అనుకుందాం అన్నానని పోయినేడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు నువ్వు. మళ్ళీ అంటున్నాను. డొప్ప పెట్టుకో. రంగు వెయ్యని బొమ్మ బల్ల ఎక్కకూడదు, కంపెనీది కాని బొమ్మ అసలే ఎక్కకూడదు అని నువ్వు ఎర్ర అక్షరాలతో రాసి, నా బల్లకి మేకు కొట్టి పోయిన బోర్డు ఇంకా ఇక్కడే ఉంది. దాన్ని తిరగేసి పెడతాను, ఎవరూ చూడరు.

నా ఎత్తు: విలుకాళ్ళు యాభై మూడు నుంచి యాభై నాలుగుకి. ఎందుకంటే తోచక.

ఒక్కటి అడుగుతాను. నీ పోయిన ఉత్తరంలో వరసలు కుడివైపుకి ఎక్కిపోతున్నాయి, గోడ మీద చీమల్లా. గీత గియ్యకుండా ముప్ఫై అడుగుల బోర్డు తిన్నగా రాసినవాడివి. తాగి రాశావా? నాకు చెప్పకుండా తాగావా?

నీ బావమరిది


ముందు గది, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 24

బావమరిదీ,

తాగలేదు. బల్ల కాలు ఒకటి పొట్టిదైంది, అట్టముక్క పెట్టాలి. వరసల సంగతి అంతే. ఇంక అడక్కు.

కంపెనీకి నాలుగో ఉత్తరం రాశాను. మొదటి మూడింటికీ జవాబు లేదు. నేను పని చేసిన రోజుల్లో శుక్రవారం షాపు తెరుస్తామంటే గురువారం సాయంత్రానికి బోర్డు పైన ఉండాలి. వానొచ్చినా అంతే, నిచ్చెన విరిగినా అంతే. ఒళ్ళు కాలిపోతూ మందుల షాపు బోర్డు రాశాను ఒకసారి. షాపతను నిచ్చెన కింద నిలబడి మాత్రలు అందించాడు. ఒక్క పూట ఆలస్యమైతే ఆ వీధిలోకి వెళ్ళాలంటే మొహం చెల్లేది కాదు. వీళ్ళకి మొహమే లేదు, ఇంక చెల్లేదేమిటి?

ఆలస్యం కాదు నా బాధ. ఇంకో రెండేళ్ళు పడుతుందంటే మనిషి తన ఏర్పాట్లేవో తాను చేసుకుంటాడు. వచ్చే విడతలో అన్న మాట ఉంది చూశావా, అది మనిషిని గుమ్మంలో నిలబెట్టే మాట. లోపలికి రమ్మనదు, పొమ్మనదు.

చేతకానివాళ్ళయితే వదిలేద్దును. మీ ఇంటికి వచ్చినప్పుడు నీ సర్దారుని భూతద్దం పెట్టి చూశాను కదా. ఆ మెడ వంపు, ఆ వేళ్ళు! అంత పని తెలిసినవాళ్ళు, ఒక ముసలాణ్ణీ ఒక తెడ్డునీ చెయ్యలేక కాదు. చెయ్యరు. అందుకే కోపం.

రంగులు మాత్రం కలిపి పెట్టాను. గడ్డానికి ఉత్త తెలుపు పనికిరాదు, కొట్టొచ్చినట్టుంటుంది. బూడిద రంగులో చుక్క పసుపు. చొక్కాకి ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన నీలం. సీసాలు ఎండిపోకుండా వారానికోసారి కలిపి మూత పెడుతున్నాను.

డొప్ప మాట ఇంకోసారి ఎత్తితే నా దండుని పెట్టెలో సర్దేస్తాను. దొంగ బొమ్మతో దాటితే దాటినట్టు కాదు.

నా ఎత్తు లేదు. ఒడ్డునే ఉన్నారు.

మీ బావ


వంటగది
మార్చి 3

తమ్ముడూ,

బల్ల కాళ్ళు నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. నేనే కొలిచాను.

మీ బావకి కుడి కన్ను పోయినేడే పోయింది. ఇప్పుడు ఎడమది. కంటి వెనక పొర పాడైపోతోందట. ఎటు చూస్తే అక్కడ మచ్చ, పక్కలు మాత్రం కనిపిస్తాయి. నా ముఖం చూడాలంటే నా చెవి వైపు చూస్తున్నారు. కంట్లో సూది రెండుసార్లు వేశారు, లాభం లేదు. ఎన్నాళ్ళని అడిగితే ఆగస్టు దాకా చదువుకోవడం, రాసుకోవడం ఏదో చేసుకోవచ్చు, ఆ పైన చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆ పడవ బొమ్మకి తన చేత్తో రంగు వేసి ఏరు దాటిస్తే చాలు, తర్వాత పోతే పోనీ అంటున్నారు. నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఊరంతా రంగులేసిన మనిషి, ఆఖరికి బొటనవేలంత ముసలాడి కోసం చూపు దాచుకుంటున్నారు. పేపరు మానేశారు, టీవీ మానేశారు, చూస్తే అయిపోతుందన్నట్టు. రోజూ పొద్దున్నే ఆ రంగు సీసాల మూతలు తీసి, కలిపి, మళ్ళీ పెడతారు.

నేను రాశానని చెప్పకు. నువ్వు ఎప్పట్లాగే ఎగతాళి చెయ్యి. ఆపావంటే ఆయనకి అనుమానం వస్తుంది.

అక్క


వెనక గది
ఏప్రిల్ 18

బావా,

బల్ల కాలికి అట్టముక్క పెట్టావా? నీ సోమరితనం నాకు తెలుసు, పెట్టి ఉండవు.

నెల దాటినా నా జవాబు రాలేదని అక్క ముందు నన్ను ఏకి పారేసి ఉంటావు. వేలు కాలింది. కాఫీ గిన్నె. అందుకే రాత ఇలా ఏడుస్తోంది. మామూలుగా కూడా ఏడుస్తుందంటావు, తెలుసు.

ఇప్పుడు ఊపిరి బిగబట్టు. కంపెనీ వాళ్ళు అమ్మకానికి ముందు కొన్ని షాపులకి నమూనా బొమ్మ పంపిస్తారట. కోడలి షాపుకి పడవ తాత వచ్చాడు. ఒకే ఒక్కడు. నాలుగు రోజులు కోడలి వెంటపడ్డాను. చివరికి ఆ పిల్ల, మామయ్యా, ఇదెవరికీ తెలియకూడదు, తెలిస్తే నన్ను షాపులోంచి పంపించేస్తారు అంటూ తెచ్చి నా చేతిలో పెట్టింది. పత్తిలో చుట్టి పంపుతున్నాను. పెట్టె లేదు, నమూనాలకి పెట్టె ఉండదట. నల్ల పూత పూసే వచ్చింది. దాని మీదే రంగులు వేసుకో, గోటితో గీకకు. గీకితే పూత పోతుంది, రంగు నిలవదు. నీకు తెలియదని కాదు.

ఆలస్యం చెయ్యకు. కంపెనీ మీద కోపంతో దాన్ని నెల రోజులు చూస్తూ కూర్చుంటావేమో, అలా చెయ్యకు. ఆలస్యం చెయ్యకు బావా. నా సర్దారుకి కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేశాయి, అందుకని అంటున్నాను. వేరే ఏం లేదు.

నా ఎత్తు ఏమీ లేదు. నువ్వు దాటేదాకా నేను కదలను.

నీ బావమరిది


ముందు గది, కిటికీ పక్క బల్ల
మే 20

బావమరిదీ,

అందింది. చుట్టిన పత్తి కూడా పారెయ్యకుండా దాచుకున్నాను. ఆ మాట మీ అక్కకి చెప్పకు.

తిట్లు ముందు. తెడ్డు రోకలిలా లావుగా ఉంది. ఎడమ మోచెయ్యి మనిషిది కాదు. పడవ ముక్కు వంకర. అడుగున పూత దళసరిగా పూశారు, ఏదో దాచినట్టు. మూడేళ్ళు తీసుకున్నవాళ్ళు ఆ తెడ్డు కోసం ఇంకో పూట తీసుకోవాల్సింది.

ఇక ముఖం. పంతొమ్మిది రోజులు ఆ ముఖంతో కూర్చున్నాను. పళ్ళు పోయిన నోరు లోపలికి ఎలా పోతుందో, పై పెదవి ఎలా సన్నబడుతుందో, గడ్డం ముక్కు దగ్గరికి ఎలా జరుగుతుందో తెలిసినవాడు చెక్కాడు దాన్ని. బొమ్మలు చూసి నేర్చిన పని కాదు. ముసలివాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మసిలినవాడెవడో.

ఇప్పుడు నీకొకటి చెప్పాలి. బల్ల కాలు పొట్టి కాదు. మీ అక్క నీకు ఎప్పుడో రాసే ఉంటుంది. ఆలస్యం చెయ్యకు అని రెండుసార్లు రాశావు, నువ్వు ఏ మాటైనా రెండుసార్లు రాసిన మనిషివి కాదు. బొమ్మని ఎదురుగా పెట్టుకుంటే నాకు కనపడదు. భుజం పక్కన పెట్టి, గోడ వైపు చూస్తూ, కంటి కొసతో వేశాను. ఆ కొస జారిపోకుండా మెడ పట్టి ఉంచుకోవాలి. పూటకి అరగంట కంటే మెడ నిలవలేదు. గడ్డం రంగు అనుకున్నట్టే వచ్చింది. కళ్ళలో తెల్ల చుక్కలు పెట్టడానికి రెండు రోజులు పట్టింది. నల్లగుడ్లు పెట్టలేదు, పెడితే వంకరపోయేవి. అలాగే వదిలేశాను. దూరంగా నీళ్ళ వైపు చూస్తున్నాడనుకో.

కంపెనీకి ఐదో ఉత్తరం రాశాను. ఇన్నాళ్ళు తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నానని, ఆ ముఖం చెక్కిన మనిషెవరో అతని చేతులకి నా దండం అందజెయ్యమని. నా జన్మలో ఒకడి పనికి దండం పెట్టడం ఇదే.

నా ఎత్తు: పదకొండుమందీ పడవలో, ముప్ఫై ఎనిమిది నుంచి అరవై రెండుకి. దాటారు.

మీ బావ


వెనక గది
మే 28

బావా,

దాటావు. నా విలుకాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్రపోతున్నారు. సర్దారు ఇంకా నలభై ఒకటిలో కూర్చుని అటే చూస్తున్నాడు, వెనకనించి వెళ్ళిపోయారని వాడికెవరూ చెప్పలేదు.

కానీ నిన్నెవడు దండాలు పెట్టమన్నాడు? నాలుగు ఉత్తరాలు మింగి కూర్చున్నవాళ్ళకి ఐదోది ఎందుకు? పోస్టు చేసేశావా? చెయ్యకపోతే చెయ్యకు. చేసుంటే పోస్టాఫీసుకి వెళ్ళి, ఏడ్చో మొత్తుకునో వెనక్కి అడిగి తెచ్చుకో. నమూనా సంగతి బయటికి పొక్కకూడదని రాశాను కదా, కోడలు షాపులో తలెత్తుకోవాలా వద్దా? షాపు మాట అందులో రాశావా? రాయలేదని జవాబు రాయి, వెంటనే.

తెడ్డు లావంటావా. ఏటికి ఎదురు తోసే తెడ్డు సన్నగా ఉంటే విరిగి చేతిలోకొస్తుంది. అంటే, చెక్కినవాడు అలా అనుకుని ఉంటాడని. మోచెయ్యి నాకు బాగానే కనిపించింది. నీ మోచెయ్యి ఎప్పుడైనా చూసుకున్నావా?

కంటి సంగతి. నాకు మాటలు రావు బావా. ఎగతాళి చెయ్యమంటే కూర్చుని వెయ్యి చేస్తాను, ఇది చేతకాదు. ఇక నుంచి నీకు నా ముఖం కనపడదు కాబట్టి అందగాణ్ణని చెప్పుకోవచ్చు. చూశావా, అంతే వస్తుంది నాకు.

నీ బావమరిది


ముందు గది. చెబుతున్నది మీ బావ, రాస్తున్నది అక్క
జూన్ 19

బావమరిదీ,

రాత అక్కది, మాట నాది. ఒక్క ముక్క మార్చొద్దన్నాను. మారిస్తే తెలుస్తుంది, కలం చప్పుడు వింటున్నాను.

డాక్టరు ఆగస్టు అన్నాడు. అది జూన్ మొదట్లోనే వచ్చేసింది. నాకు చెప్పిన వాటిలో చెప్పినదానికంటే ముందొచ్చింది అదొక్కటే.

కంపెనీ జవాబిచ్చింది. తిట్టిన నాలుగు ఉత్తరాలకి మూడేళ్ళలో ఒక్క ముక్క రాయనివాళ్ళు, మెచ్చుకున్న ఉత్తరానికి పదకొండు రోజుల్లో రాశారు. అక్క చదివి వినిపించింది. పడవ తాత అనే బొమ్మకి మేము ఇంకా అచ్చే తయారు చెయ్యలేదు, ఏ షాపుకీ నమూనా పంపలేదు, తమరు మోసపోయారు, ఎవరు అమ్మారో తెలపగలరు. అదీ ఉత్తరం.

బొమ్మ చేతిలో పెట్టమన్నాను. అడుగున గోటితో గీకి, ఏం రంగు కనిపిస్తోంది అని అడిగాను. పళ్ళ సెట్లకి ఉండే చిగుళ్ళ రంగు అంది మీ అక్క. తర్వాత బొటనవేలితో తడిమాను. పూత కింద గీతలున్నాయి. అక్షరాలు. ఊళ్ళో గోడలన్నిటి మీదా అక్షరాలు రాసిన చెయ్యి ఇది, వేలితో చదవలేదనుకున్నావా? నా పేరు. తలకట్లన్నీ జారి పడిపోతున్నట్టుండే నీ రాత. ఆస్పత్రిలో ముసలాళ్ళ పళ్ళ సెట్లు మారిపోకుండా లోపల పేరు గీకుతావే, అలా గీకావు.

నా కంటికి చిట్టచివర కనిపించిన వస్తువు ఒకటుంది. అది దొంగది.

నిన్ను ఎగతాళి అడిగానా? ముప్ఫై ఏళ్ళుగా అడక్కుండానే ఇచ్చావు, తీసుకున్నాను. జాలి ఎప్పుడు అడిగాను? నేను దండం పెట్టింది ఎక్కడో ఉన్న పెద్ద పనివాడికి అనుకున్నాను. వాడు వెనక గదిలో కూర్చుని నా ఉత్తరం చదువుకుని నవ్వుకున్నాడు.

కంపెనీకి జవాబు రాయను. కోడలి షాపు మాట నేను వాళ్ళకి రాయలేదు, రాయను. వాళ్ళ కాగితం చింపించాను. ఆ పిల్లని ఇందులోకి లాగినందుకు నువ్వే సిగ్గుపడు.

బోర్డు మీద రాసింది నేనే, మార్చను. నా ఎత్తు: పదకొండుమందీ అరవై రెండు నుంచి వెనక్కి, ముప్ఫై ఎనిమిదికి. ఒడ్డునే ఉన్నారు.

ఇక ఉత్తరాలు రాయకు.

తమ్ముడూ, ఇది నా మాట. పైదంతా నిన్న చెప్పారు, ఇవాళ పోస్టు చేస్తున్నాను. బొమ్మని పారెయ్యమన్నారు. పారేశానని చెప్పి పప్పుల డబ్బా వెనక దాచాను. ఇప్పుడు చొక్కా ఉతకబోతే ఆయన జేబులో ఉంది. ఎలా వెతుక్కున్నారో తెలీదు. నేను అడగలేదు. మళ్ళీ ఉతికిన చొక్కా జేబులో పెట్టాను.


వెనక గది
జులై 11

బావా,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, కొత్త రకం కవరు తెచ్చాను, జిగురు అంటుకుంటుందో లేదో చూస్తున్నాను.

నా ఎత్తు: విలుకాళ్ళు యాభై నాలుగు నుంచి యాభై మూడుకి.

నీ బావమరిది


వంటగది
జులై 20

తమ్ముడూ,

అంటుకుంది. చదివి వినిపించాను. అన్నం తిని లేచాక, పటం మీద విలుకాళ్ళ పెన్సిలు గుర్తు చెరిపి యాభై మూడులో పెట్టమన్నారు.

అక్క


వెనక గది
సెప్టెంబరు 30

బావా,

అక్కా, ఇది బావ పక్కన కూర్చుని నెమ్మదిగా చదువు. పొట్లం మాత్రం చివర్న విప్పు.

కోడలు కంపెనీ కాగితం తెచ్చింది. కొండ దండుకి ఎనిమిదో సర్దారు. వీడు కూర్చున్నాడు. నిలబడి నిలబడి అలిసిపోయి ఉంటాడు పాపం. అడుగున చిన్న అక్షరాలున్న చోట ఈసారి మాట మార్చారు. ఏటి దండు నిలిపివేస్తున్నాము, మీ ఆదరణకు కృతజ్ఞతలు. పడవ తాత రాడు బావా. ఏ విడతలోనూ రాడు. రప్పించే ఉద్దేశం వాళ్ళకి ఎప్పుడూ లేదని షాపులో అందరూ అనుకుంటున్నారట. ఆ పేరు అక్కడ వేసి ఉంచితే నీలాంటి వాళ్ళు ఏటి దండు పెట్టె కొని ఎదురుచూస్తూ కూర్చుంటారని అంతే. ఆ కాగితాన్ని చింపుదామనుకున్నాను. చింపలేదు, నాలుగు మడతలు పెట్టి నా బల్ల కాలి కింద పెట్టాను. నా బల్లకి నిజంగానే ఒక కాలు పొట్టిది.

నవ్వుకున్నానన్నావు. నవ్వలేదు. డెబ్భై ఏళ్ళలో నా పనికి దండం పెట్టినవాడివి నువ్వొక్కడివే, అదీ నేను కాదనుకుని పెట్టావు. నేను పళ్ళు చేసి ఇచ్చినవాళ్ళంతా వాటిని నోట్లో పెట్టుకుని వెళ్ళి నన్నే తిట్టారు, గుచ్చుకుంటున్నాయని. నీ మే నెల ఉత్తరం మైనం డబ్బాలో పెట్టుకున్నాను. అక్కడ కోడలు కూడా చెయ్యి పెట్టదు. ఆ పిల్ల సంగతి కూడా చెప్పేస్తాను. తను ఏమీ తేలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. నమూనా అన్నది మొత్తం నా కట్టుకథ. ఆ వేలు కాలింది కాఫీ గిన్నెకి కాదు, అచ్చు మరగబెట్టిన నీళ్ళకి. పేరు గీకింది జాలితో కాదు, చేతి అలవాటు. ఎవరికోసం చేస్తే వాళ్ళ పేరు గీకుతాను, చెయ్యి నన్ను అడగదు.

ఇక బోర్డు సంగతి. నెల రోజులుగా దాని ఎదురుగా కూర్చుని చదువుతున్నాను. కంపెనీది కాని బొమ్మ బల్ల ఎక్కకూడదు. ఎర్ర అక్షరాలు, తిన్నగా, ఒక్కటీ వంకరపోకుండా. నువ్వు దాన్ని ఎప్పుడు రాశావో గుర్తుందా? ఆట మొదలుపెట్టడానికి మా ఇంటికి వచ్చిన రోజు. నా సర్దారుని చేతిలోకి తీసుకుని, భూతద్దం పెట్టి, ఇటు తిప్పి అటు తిప్పి చూశావు. చూసి, “కంపెనీ పనితనమంటే ఇదిరా, నీలాంటి పళ్ళ మేస్త్రీకి జన్మలో రాదు” అన్నావు. ఇలాంటివే బల్ల ఎక్కాలి అని అప్పటికప్పుడు డబ్బా విప్పి బోర్డు రాశావు.

అక్కా, ఇప్పుడు పొట్లం విప్పి బావ చేతిలో పెట్టు. వాడే సర్దారు. బావా, అడుగున గోటితో గీకు. ఏం రంగో అక్క చెబుతుంది. తర్వాత బొటనవేలు పెట్టి చూడు. అక్కడ నా పేరు ఉంటుంది, తలకట్లు అన్నీ పడిపోతూ.

చిరిగిన పెట్టెలో సర్దారు లేడు బావా. ఎక్కడో జారిపోయాడు, అందుకే షాపువాళ్ళు దాన్ని పక్కన పడేశారు. నువ్వు వస్తున్నావని మూడు సాయంత్రాలు కూర్చుని నేనే చెక్కాను. ఒక అరగంట నిన్ను ఆడించి, నువ్వు బాగా మెచ్చుకున్నాక పూత గీకి చూపించి, నీ మొహం చూసి నవ్వుదామని. అంతే, అరగంట వేళాకోళం. కానీ నువ్వు ఆ మాట అనేశావు. అంత తియ్యటి మాట నా పనికి ఎవరూ అనలేదు, అది కంపెనీకి పోతున్నా సరే, ఇంకాసేపు విందామనిపించింది. తర్వాత బోర్డు కొట్టేశావు. ఈ ఉత్తరంలో కాదు, పై ఉత్తరంలో చెబుదాం అనుకున్నాను. పై ఉత్తరం వచ్చేసరికి ఆ పైది. కంపెనీని తిట్టిన ప్రతి ఉత్తరం అడుగునా నేనూ అదే పని చేశాను. మూడేళ్ళ కిందట నోరు విప్పుంటే నువ్వు కళ్ళారా చూసి దాటేవాడివి. దానికి నన్ను ఎన్ని తిట్టినా వింటాను, అక్క చేత రాయించు, మార్చకుండా రాయమను.

నీ తాతని ఒడ్డునే ఉంచుకో, జేబులోనే ఉంచుకో, నీ ఇష్టం. వాడి అవసరం లేదు. బోర్డు మీద రాసిందే లెక్క అయితే నా సర్దారూ బల్ల ఎక్కకూడదు. ఆ మోకాలి లోతు నీళ్ళల్లో, నలభై ఒకటో గడిలో ఎవరూ లేరు బావా. మొదటి రోజు నుంచీ లేరు.

నీ బావమరిది